తేదీ ఉంది, సంవత్సరం లేదు

2022 నవంబరులో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వాళ్ల దగ్గర ఒక అట్ట వేలానికి వచ్చింది. 4,47,000 డాలర్లకు పోయింది. అప్పటి మారకం లెక్కన మూడున్నర కోట్ల రూపాయల పైమాటే. ఆ అట్ట మీద బొమ్మలు గీసిన మహా చిత్రకారుడెవరూ లేడు. బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, బిగ్ బాపర్ అనే గాయకుల పేర్లున్నాయి. మిన్నెసోటా రాష్ట్రంలోని మూర్‌హెడ్ అనే ఊళ్లో ఫిబ్రవరి 3న పాట కచేరీ ఉంది, రండి అన్న పిలుపు ఉంది. అంతే.

1959లో అచ్చయిన ఆ పిలుపు నిజం కాలేదు. ముందు రాత్రి అయొవా రాష్ట్రంలోని క్లియర్ లేక్‌లో పాడి, తెల్లవారకముందే చిన్న విమానం ఎక్కిన ఆ ముగ్గురూ, పైలటుతో సహా, పొలంలో కూలి చనిపోయారు. మూర్‌హెడ్ కచేరీ మాత్రం ఆగలేదు. ఆ పక్క ఊరి కుర్రాడు, పదిహేనేళ్ల బాబీ వీ, తన జట్టుతో వచ్చి వేదిక ఎక్కాడు. తరవాత పెద్ద గాయకుడయ్యాడు. అతని పేరు ఆ అట్ట మీద ఉండదు. రానివాళ్ల పేర్లు ఉన్నాయి, వచ్చినవాడి పేరు లేదు. పాత ప్రకటన కాగితాలు పోగుచేసేవాళ్లు మొదట తెలుసుకోవలసింది ఇదే. ఆ కాగితం జరగబోయేదాన్ని చెబుతుంది, జరిగిందాన్ని కాదు.

రాక్ అండ్ రోల్ తొలి రోజుల్లో గాయకులు విడివిడిగా కాక గుంపుగా తిరిగేవారు. పదీ పన్నెండు మంది ఒక బస్సులో, రోజుకో ఊరు. 1957లో 'బిగ్గెస్ట్ షో ఆఫ్ స్టార్స్' అన్న పర్యటనలో ఫ్యాట్స్ డామినో, చక్ బెర్రీ, ఎవర్లీ సోదరులు, బడ్డీ హాలీ, పాల్ ఆంకా ఒకే టిక్కెట్టు మీద పాడారు. దక్షిణాదిన కొన్ని పట్టణాల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వేదిక మీద కనిపించకూడదన్న చట్టాలుండేవి. అక్కడికి వచ్చేసరికి తెల్ల గాయకులు తప్పుకోవలసి వచ్చింది. పర్యటన మొత్తానికి వేసిన పేర్ల జాబితాను చూస్తే ఈ సంగతి తెలియదు.

ఆ ప్రకటనలు ఎక్కువగా పద్నాలుగు అంగుళాల వెడల్పు, ఇరవై రెండు అంగుళాల ఎత్తు ఉన్న అట్టలు. అంగడి అద్దాల్లో నిలబెట్టడానికి వీలుగా ఉండేవి. బాల్టిమోర్‌లో 1929లో మొదలైన గ్లోబ్ పోస్టర్, నాష్‌విల్‌లో 1879 నుంచి నడుస్తున్న హ్యాచ్ షో ప్రింట్ ఇలాంటి పనిలో పేరు మోసిన అచ్చుకూటాలు. కుస్తీ పోటీలకు వేసినట్టే పెద్ద పెద్ద చెక్క అక్షరాలతో పాటగాళ్లకూ వేసేవారు. గాయకుల బొమ్మలు, పేర్లు వేలల్లో ఒకేసారి అచ్చు వేసి, పైన జానెడు చోటు ఖాళీగా వదిలేవారు. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి హాలు పేరు, తేదీ, టిక్కెట్టు ధర ఆ ఖాళీలో పడేవి. ఆట అయిపోతే ఆ అట్టకు పని లేదు. అందుకే మిగిలినవి తక్కువ, అందుకే ఆ ధరలు.

ఇక మన సంగతికి వస్తాను. నేను ఉండేది ఆనేకల్‌లో. బెంగళూరు నగర జిల్లాకు దక్షిణపు కొస. ఇక్కడినుంచి హోసూరు వైపు వెళ్తే కాసేపట్లో తమిళనాడు. ఇళ్లల్లో తెలుగు, బజారులో కన్నడం, సరిహద్దు దాటితే తమిళం. ఈ నేల మీద ఊరూరా తిరిగింది బస్సెక్కిన గిటారు గాయకులు కాదు, బండ్లెక్కిన నాటకం కంపెనీలు. వాళ్ల వెనకే వచ్చిన టెంటు సినిమాలు. నేను పోగుచేసేవి వాళ్ల నోటీసులు.

నాటకం ఎల్లలు దాటి తిరగడం మనకు కొత్త కాదు. 1880ల్లో కన్నడ దేశపు ధార్వాడ నుంచి వచ్చిన కంపెనీ ఆడిన ఆటలు చూసి తెలుగువాళ్లు నాటకాలకు నడుం కట్టారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగులో నాటకాలు రాసి ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధతో మొదలుపెట్టిన కుటుంబం తరాల తరబడి తిరుగుతూనే ఉంది. ఇటు పక్క 1884లో పుట్టిన గుబ్బి కంపెనీ, గుబ్బి వీరణ్ణ చేతికి వచ్చాక, కురుక్షేత్ర నాటకంలో ఏనుగులనూ గుర్రాలనూ వేదిక ఎక్కించింది. అదే కంపెనీలో మెరుగుపడిన రాజ్‌కుమార్ 1954లో బేడర కన్నప్పగా తెరకెక్కి, అదే ఏడు కాళహస్తి మహాత్మ్యంతో తెలుగువాళ్లకూ కనిపించారు. ఆయన చేసిన తెలుగు సినిమా అదొక్కటే.

అమెరికా వాళ్ల బస్సు పర్యటనకు అచ్చంగా సరిపోయేవి మన కాంట్రాక్టు నాటకాలు. ఒక కాంట్రాక్టరు నలుగురైదుగురు పేరున్న నటులను తలా ఒక ఊరినుంచి పిలిపించి, ఒక రాత్రికి జమచేసేవాడు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు వేస్తే ఒక్క కృష్ణుడితో జనానికి తృప్తి ఉండేది కాదు. రాయబారానికి ఒక కృష్ణుడు, పడక సీనుకు ఇంకొక కృష్ణుడు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, అబ్బూరి వరప్రసాదరావు, ఈలపాట రఘురామయ్య వీళ్లందరూ ఆ పాత్రకు పేరు పడ్డవాళ్లే. నోటీసులో 'ఇద్దరు కృష్ణులు, ఇద్దరు అర్జునులు' అని లావుపాటి అక్షరాల్లో పడితే చాలు, చుట్టుపక్కల ఊళ్ల బండ్లు కదిలేవి. కథ ఎలాగూ అందరికీ తెలుసు. ఒకే పద్యాన్ని ఇద్దరు ఎలా పాడతారో చూడటానికే జనం వచ్చేవారు.

ఆ నోటీసులు చేతిలోకి తీసుకుంటే పల్చగా ఉంటాయి. గులాబి, పసుపు, ఆకుపచ్చ రంగు కాగితం. ఒకవైపే అచ్చు. ట్రెడిల్ మిషను మీద చేత్తో పేర్చిన సీసపు అక్షరాలు. పెద్ద అక్షరాలు చాలక ఒకే మాటలో రెండు మూడు రకాల అక్షరాలు కలిసిపోయి ఉంటాయి. పైన దేవుడి పేరు, కింద నాటకం పేరు, ఆ కింద పాత్రలు, పాత్రధారులు, హార్మోనియం ఎవరు, తబలా ఎవరు, సీనరీ ఎవరిది. తరవాత కుర్చీ ఎంత, బెంచి ఎంత, చాప ఎంత, నేల ఎంత. 'స్త్రీలకు ప్రత్యేక వసతి కలదు.' 'పాసులు చెల్లవు.' 'కార్యక్రమము మార్చు హక్కు యాజమాన్యమునకు కలదు.' 'ఆలసించిన ఆశాభంగం.' కొన్నిటిలో 'స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించెదరు' అని ప్రత్యేకంగా వేశారు. ఆ రోజుల్లో అదీ ఒక ఆకర్షణ.

చిట్టచివర చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చుకూటం పేరు, ఊరు ఉంటాయి. అది వాళ్ల గొప్పకు వేసుకున్నది కాదు. 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్సు చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరూ, ముద్రించిన చోటూ ఉండాల్సి వచ్చేది. తెల్ల ప్రభుత్వం రాజద్రోహపు రాతలు పట్టుకోవడానికి వాడుకున్న నియమం నా బోటివాళ్లకు వరమైంది. ఎక్కడ అచ్చయిందో తెలిస్తే ఎవరు ఎంత దూరం తిరిగారో తెలుస్తుంది.

ఇంత వివరంగా అన్నీ వేసినవాళ్లు ఒకటి మాత్రం వేయరు. సంవత్సరం. 'ది. 14 శనివారం రాత్రి 9-30 గంటలకు' అని ఉంటుంది. ఏ సంవత్సరమో చదివేవాడికి తెలుసు కదా! రేపో ఎల్లుండో జరిగే ఆటకు సంవత్సరం దేనికి? అమెరికా వాళ్ల అట్టలూ చాలావరకు ఇంతే. నా మట్టుకు నాకు నోటీసు సంపాదించడం కన్నా దాని సంవత్సరం పట్టుకోవడంలోనే అసలు రుచి.

ఎలా పట్టుకోవాలి? మొదట వారం చూడాలి. ఒక తేదీ మళ్లీ అదే వారంతో రావడానికి సాధారణంగా ఐదేళ్లో ఆరేళ్లో పదకొండేళ్లో పడుతుంది. ఫిబ్రవరి 3 మంగళవారం కావాలంటే 1953 అవ్వాలి, 1959 అవ్వాలి, లేదా 1970. మధ్యలో కుదరదు. ఇంత వరకు క్యాలెండరు చాలు.

తరవాత డబ్బులు. అణాలు ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్ 1కి ముందుది. 'న.పై.' అని ఉంటే పండగే. నయా పైసలు అన్న పేరు 1957లో వచ్చి 1964 జూన్‌లో పోయింది. ఆ ఏడేళ్ల సందులో ఎక్కడో ఆ ఆట జరిగింది. ఇక ఊరి చిరునామా. మా సరిహద్దులో ఇది భలే పనికొస్తుంది. హోసూరు మొదట సేలం జిల్లాలో ఉండేది. 1965 అక్టోబరులో ధర్మపురి జిల్లా పుడితే అందులోకి వెళ్లింది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా అయింది. 'మద్రాసు రాష్ట్రం' అంటే 1969 జనవరికి ముందు. 'మైసూరు రాష్ట్రం' అంటే 1973 నవంబరుకు ముందు. ఆనేకల్ పక్కన 562106 అని పిన్‌కోడ్ కనబడితే 1972 ఆగస్టు 15 తరవాతే. సినిమా నోటీసులైతే ఎన్.టి.ఆర్., ఏఎన్నార్ పేర్ల ముందు 'పద్మశ్రీ' ఉందా లేదా చూడాలి. ఇద్దరికీ ఆ బిరుదు వచ్చింది 1968లో.

అన్నిటికన్నా గట్టి సాక్షి మన పంచాంగం. దేవుడి ఉత్సవానికి వేసిన నాటకమైతే నోటీసు నెత్తిన నామ సంవత్సరం ఉంటుంది. వికారి అని ఉందనుకోండి. 1959 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా ఒకటి, దానికి అరవై ఏళ్ల ముందు 1899లో ఒకటి, తరవాత 2019లో ఒకటి. కాగితం చూస్తే ఆ మూడింటిలో ఏదో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. బడ్డీ హాలీ పోయింది విళంబి నామ సంవత్సరం పుష్యమాసంలో. మూర్‌హెడ్ అచ్చుకూటం వాళ్లకు ఆ అలవాటు లేదు, వాళ్ల ఖర్మ.

తేదీ పొరపాటు పడితే ఎంత పని అవుతుందో కూడా చెప్పుకోవాలి. రాక్ అండ్ రోల్ తొలి కచేరీ అని చాలామంది చెప్పేది 1952 మార్చి 21న క్లీవ్‌లాండ్‌లో జరిగిన 'మూన్‌డాగ్ కరొనేషన్ బాల్'. రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ ముందుండి జరిపింది. సుమారు పదివేల మంది పట్టే హాలుకు దాదాపు ఇరవై వేల మంది వచ్చిపడ్డారు. తలుపులు విరిగాయి. మొదటి పాటతోనే పోలీసులు ఆపేశారు. నకిలీ టిక్కెట్లతో పాటు టిక్కెట్ల మీద తేదీ అచ్చులో జరిగిన పొరపాటూ దానికి కారణమని చెబుతారు. రేడియోలో పనిచేసే నా మిత్రులకు ఆ కథ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటాను.

మన దగ్గర తేదీ గొడవ ఇంతకన్నా పెద్దది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి రాసుకున్నాం, ఆ రోజున పుట్టినరోజులూ జరుపుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి తీశారు. సెన్సారు అయింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా థియేటర్లో ఆట మొదలైంది ఫిబ్రవరి 6న అని తేల్చారు. ఇప్పుడు వారం లెక్క వేసి చూడండి. తొలి భారతీయ టాకీ ఆలం ఆరా విడుదలైన 1931 మార్చి 14 శనివారం. తమిళ, తెలుగు మాటలు కలిసిన కాళిదాస్ వచ్చిన అక్టోబరు 31 శనివారం. 1932 ఫిబ్రవరి 6 కూడా శనివారమే. మనం నమ్మిన సెప్టెంబరు 15 మాత్రం మంగళవారం. వారం ఒక్కటే రుజువు కాదు, నిజమే. కానీ అనుమానపడటానికి చాలు. కాళిదాస్‌నీ, భక్త ప్రహ్లాదనీ తీసిన హెచ్.ఎం. రెడ్డి మన బెంగళూరులో పెరిగిన మనిషి. ఆయన సినిమా పుట్టినరోజు సరిచేసుకోవడానికి మనకు ఎనభై ఏళ్లు పట్టింది.

ఇక దొరికే చోట్లు. బెంగళూరులో అవెన్యూ రోడ్డు పాత పుస్తకాలవాళ్లు, ఎస్.జె.పి. రోడ్డు పక్కన ఆదివారం సంత. హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం పుస్తకాలు. వీటికన్నా మంచి చోటు మూసేసిన అచ్చుకూటాల అటక. మా ఊళ్లోనైతే గుజరీ అంగడి, అంటే పాత సామాన్ల కొట్టు. నాటకాల నోటీసులు నోటీసులుగా దొరకవు. వెనక తెల్లగా ఉంటుంది కాబట్టి పాల లెక్కలు, చీటీ పాటల లెక్కలు రాసుకుని ఉంటారు. పుస్తకాలకు అట్టలుగా వేసి ఉంటారు. ఆ లెక్కలు చెరపకండి. ఒక్కోసారి సంవత్సరం చెప్పేది ఆ పాల లెక్కే.

పేరున్నవాళ్ల కాగితాలకు ఇప్పుడు నకిలీలూ వస్తున్నాయి. కాగితం వెనక వేలితో తడిమితే సీసపు అక్షరం నొక్కిన గుర్తు తగలాలి. భూతద్దంలో చూస్తే అక్షరం నిండుగా ఉండాలి. రంగు చుక్కలు చుక్కలుగా కనబడితే అది ఈ మధ్య తీసిన నకలు. దొంగ నోట్లు పట్టే ఊదారంగు దీపం కింద పెడితే కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది. కాగితం తెల్లగా కనబడటానికి మెరుపు మందు కలపడం 1950 ప్రాంతాల్లో గాని మొదలు కాలేదు. అణాల నోటీసు మెరిసిందంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

దాచడంలో మనవాళ్లు చేసే ఘోరం రెండు. చిరిగిన చోట సెల్లోటేపు అంటించడం ఒకటి, ల్యామినేషన్ చేయించడం ఇంకొకటి. టేపు జిగురు పదేళ్లలో గోధుమ రంగు మరకై కాగితంలోకి దిగుతుంది. ల్యామినేషన్ వేడికి కాగితం ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది, మళ్లీ విడదీయలేం. ఆ రోజుల నాసి కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఎండ తగిలితే అప్పడంలా పెళుసెక్కుతుంది. మడత విప్పి, ఆమ్లం లేని తెల్ల కాగితాల మధ్య పరిచి, చెదలు పట్టని చోట, చీకట్లో పెట్టండి. రెండువైపులా ఫోటో తీసి ఉంచండి. ఎక్కడ దొరికిందో వెనక ఒక మూల పెన్సిలుతో రాయండి, పెన్నుతో వద్దు.

మద్రాసులో రోజా ముత్తయ్య పరిశోధనా గ్రంథాలయం ఉంది. కోట్టైయూరులో ఒక సైన్‌బోర్డుల చిత్రకారుడు బతుకంతా పోగుచేసిన కాగితాలే ఆ గ్రంథాలయానికి పునాది. ఆయన 1992లో పోయారు, గ్రంథాలయం 1994లో వెలిసింది. అందులో పుస్తకాలతో పాటు నాటకం నోటీసులూ ఉన్నాయి. పుణేలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమా పాటల పుస్తకాలూ, గోడపత్రికలూ దాచింది. మన పాటల పుస్తకాల్లో సగం కథ చెప్పి 'మిగతా వెండితెరపై చూడండి' అని ఆపేసేవారు. ఆ సినిమాల్లో కొన్నిటి ప్రింట్లు ఇప్పుడు లేవు. మిగిలింది ఆ సగం కథే. తెలుగు నాటకం నోటీసులకంటూ ప్రత్యేకంగా ఇలాంటి ఇల్లు ఒకటి కావాలని నా కోరిక.

సేకరణలో ధరల గురించి నా అభిప్రాయం కాస్త మొండిది. పెద్ద నటుడి తొలి సినిమా నోటీసుకు డబ్బులిచ్చి కొంటారు, పల్లెటూరి కురుక్షేత్రం నోటీసు కిలో లెక్కన తూకానికి పోతుంది. నాకు రెండోదే విలువైంది. పెద్ద నటుడి గురించి పది పుస్తకాలున్నాయి. మా వైపు ఊళ్లల్లో రైతులే వేషాలు కట్టి కురుక్షేత్రం ఆడతారు. డ్రామా మేష్టరుకు జీతమిచ్చి నెలల తరబడి పద్యాలు నేర్చుకుంటారు. వేషానికి వాళ్లే డబ్బు కడతారు, అందులో దుర్యోధనుడికి గిరాకీ ఎక్కువ. ఆ రాత్రి భీముడు కట్టిన మనిషి పేరు అచ్చులో కనిపించేది జీవితంలో ఆ ఒక్క కాగితం మీదే. తెలుగు పద్యం నేర్చుకుని కన్నడ లిపిలో నోటీసు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ పేరనే గంగాగౌరీ విలాసం అనే తెలుగు యక్షగానం ఉంది కాబట్టి, ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు నోటీసుల చోట ఫ్లెక్సీలు వచ్చాయి. హుస్కూరు మద్దూరమ్మ జాతరకు తేర్లు కదిలే వేళ, ఆనేకల్ కరగ ఉత్సవం వేళ రోడ్డు పొడవునా రంగుల ముఖాలే. జాతర అయ్యాక ఆ ఫ్లెక్సీ గడ్డివామి మీదో కోళ్ల గూడు మీదో కప్పుగా వెళ్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఆహ్వానం ఫోను మారితే పోతుంది. రంగు కాగితం నోటీసు ఇంకా అక్కడక్కడా వేస్తున్నారు. వేసినన్నాళ్లూ ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. వచ్చే జాతరకు నాటకం ఆడబోతున్నవారికి నాది ఒక్కటే మనవి. నోటీసు అచ్చుకు ఇచ్చేటప్పుడు తేదీ పక్కన సంవత్సరం కూడా వేయించండి.